పద్నాలుగో కాగితం

నాకు కోపం ఎక్కువ. ఆ సంగతి ముందే చెప్పేస్తున్నాను. ముక్కు మీదే ఉంటుందని మా ఆవిడ అంటుంది. డిపోలో వాళ్ళు నా వెనకాల ఇంకా చాలా అనేవాళ్ళు, అవి ఇక్కడ రాయదగినవి కావు. ముప్పై ఒక్కేళ్ళు బస్సు డిపోలో విడిభాగాల స్టోరు నడిపాను. చిన్న నట్టు దగ్గర్నుంచి గేరు పెట్టె దాకా ఏది ఏ అరలో ఉందో కళ్ళు మూసుకుని చెప్పేవాణ్ణి. అడగాల్సిన తీరులో అడిగితేనే లెండి. "ఏయ్ స్టోరూ" అని కేకేసినవాడికి ఎదురుగా ఉన్న వస్తువు కూడా లేదనేవాణ్ణి. ఇది నా కథ కాదు, డిగ్రీ కథ. కానీ నా కోపం లేకపోతే చెప్పడానికి కథే లేదు.

డిగ్రీ అంటే మనిషి. మా స్టోరు గుమాస్తా. ఆవిడ అసలు పేరు హాజరు పట్టీలో తప్ప ఎక్కడా వినపడేది కాదు. పదోతరగతి చదివే కూతుర్ని ఇంట్లో పెట్టుకుని తను కూడా చదువుతోందని తెలిసిన రోజు నుంచీ మెకానిక్కులు మొదలెట్టారు. "డిగ్రీ, రెండు బెల్టులు ఇవ్వు." "డిగ్రీ, ఇక్కడో సంతకం పడెయ్." మొదట్లో అది పచ్చి వెక్కిరింపే. ఆవిడ ఉడుక్కుంటుందేమో, ఇంకాస్త ఏడిపిద్దామని కాచుకు కూర్చున్నారు. ఆవిడేమో "ఆఁ, వస్తున్నా" అని పలికేసింది. ఇంకేముంది, అదే పేరై కూర్చుంది.

మా డిపోకి ఆవిడ వచ్చింది బస్సులు కడగడానికి. రబ్బరు బూట్లు, చేతిలో పొడుగు చీపురు, సబ్బు నీళ్ళకి పగిలిపోయిన వేళ్ళు. అప్పట్లో కడిగే జట్లు మూడుండేవి. ఒక జట్టు కడిగిన బస్సునే ఇంకో జట్టు మళ్ళీ కడిగేది, మూలనున్న బస్సు వారాల తరబడి మురికోడుతూ తిరిగేది. ఎవరికీ పట్టేది కాదు. ఈవిడ ఒక రోజు గోడ మీద సుద్దముక్కతో గళ్ళు గీసింది. బస్సు నంబరు, తేదీ, కడిగిన జట్టు. అంతే. నెల తిరిగేసరికి నీళ్ళ వాడకం సగానికి పడిపోయింది. అప్పటి మేనేజరు ఆ గోడ ముందు చాలాసేపు నిలబడి, ఆవిణ్ణి తెచ్చి నా స్టోరులో వేశాడు. నేను అడగలేదు. నాకు ఎవరి సాయమూ అక్కర్లేదని నాలుగు రోజులు మూతి ముడుచుకుని కూర్చున్నాను.

ఆ సంవత్సరమే ఆవిడ దూరవిద్యలో డిగ్రీకి కట్టింది. మేనేజ్‌మెంట్ ఇన్ఫర్మేషన్ సిస్టమ్స్. ఆ పేరు తడబడకుండా పలకడానికి నాకు నెల పట్టింది.

"అంటే ఏంటమ్మాయ్ అది?" అన్నాను.

"ఒక ఆఫీసులో ఎవరికి ఏ సంగతి తెలియాలో అది వేళకి వాళ్ళకి చేరేలా చూడటం, బాబాయ్ గారూ."

"దానికి డిగ్రీ దేనికి? నోరుంటే చాలదూ?"

"మీకు నోరుంది కదా. మీరు చెప్తారా?" అంది నవ్వుతూ.

నాకు చిర్రెత్తుకొచ్చింది. 

మూడేళ్ళ చదువు ఆవిడకి ఎనిమిదేళ్ళు పట్టింది. తెలివి తక్కువై కాదు. ఆదివారం క్లాసులు, ఆ ఆదివారమే డ్యూటీ. పరీక్ష రోజున ఇంట్లో అత్తగారికి జ్వరం. భర్త మోటార్లకి తీగ చుట్టే పనిచేస్తాడు, మంచివాడే, అన్నం వార్చిపెట్టేవాడు, కానీ పాఠం చెప్పలేడు కదా. గణాంకశాస్త్రం పేపరు నాలుగుసార్లు తప్పింది. సూత్రాలు రాసిన కాగితం మా బీరువా తలుపు లోపల అంటించుకుంటే, ఏదో చిత్తు కాగితమనుకుని నేను పీకి పారేశాను. ఒక్క మాట అనలేదు. మర్నాడు మళ్ళీ రాసి అంటించింది. ఐదోసారి కూతురే పక్కన కూర్చుని లెక్కలు చెప్పింది. ఒకే బల్ల, ఒకే దీపం, తల్లి తప్పు చేస్తే కూతురు నెత్తిన మొట్టేదట. పాసైన రోజున డిపో మొత్తానికి టీ పోయించింది.

ఆ చదువుకో నియమం ఉంది. చేరిన ఎనిమిదేళ్ళలోపు అన్నీ పూర్తవ్వాలి. ఒక్కటి మిగిలినా పాసైనవన్నీ రద్దు, మళ్ళీ మొదటి నుంచి ఓనమాలు దిద్దుకోవాల్సిందే. ఎనిమిదో ఏడు వచ్చేసరికి ఆవిడకి మిగిలింది ప్రాజెక్టు ఒక్కటే. ఒక పనిచోటుని తీసుకుని, అక్కడ సమాచారం ఎలా నడుస్తోందో అడిగి తెలుసుకుని, దాని బదులు కంప్యూటర్లో ఒక పద్ధతి కట్టి, నెలరోజులు నడిపి చూపించాలి. పై అధికారి "ఇది మాకు పనికొచ్చింది" అని సంతకం పెట్టాలి. ఎగ్జామినర్ ఆ చోటికే వచ్చి చూసి మార్కులు వేస్తారు. ఆవిడ తీసుకున్న పనిచోటు మా స్టోరు. బదులు కట్టాల్సింది నా కార్డులకి.

నా కార్డుల గురించి చెప్పాలి. వస్తువుకొక కార్డు. ఎంత వచ్చింది, ఎంత పోయింది, ఎంత ఉంది. కొన్ని వస్తువులకి మాత్రం రెండు కార్డులుండేవి. అదే పేరు, అదే నంబరు, రెండో కార్డు చిల్లులోంచి ఎర్ర దారం. దారం ఉందంటే ఆ సరుకు ఇవ్వకూడదని. నాసిరకమని తేలిందో, కంపెనీకి వాపసు పంపాలో, ఏదో ఒకటి. ఆ పెట్టెల్ని కింది అరలో, మొహం గోడవైపు తిప్పి పెట్టేవాణ్ణి. ఈ సంగతి ఎక్కడా రాసి లేదు. నాకు తెలుసు, చాలు. పక్కన కూర్చునే ఆవిడకి కూడా చెప్పలేదు. అంతా చెప్పేస్తే ఇక నేనెందుకు?

చదువులో చెప్పినట్టే ఆవిడ నన్ను రోజుకొక ప్రశ్న చొప్పున అడిగేది. భోజనాలయ్యాక ఎదురుగా కుర్చీ వేసుకుని అచ్చు కాగితం తీసేది. పైన వరస నంబరు, కింద ప్రశ్న, నా జవాబు, ఆ కింద "సమాచారం రాబట్టడంలో ఎదురైన ఇబ్బంది" అని ఒక గడి, చివర నా సంతకం. నిజం చెప్పొద్దూ, నాకు ఆ వేళ కోసం ఎదురుచూడటం అలవాటైంది. ముప్పై ఒక్కేళ్ళలో నా పని ఎలా చేస్తానని కూర్చోబెట్టి అడిగినవాళ్ళు లేరు. పదమూడు కాగితాలు అలా నడిచాయి. ఇబ్బంది గడి ప్రతిదాంట్లోనూ ఖాళీయే.

పద్నాలుగో రోజు ఆవిడ కుర్చీ వేసుకుంటుండగా మేనేజరు వచ్చాడు. కొత్తగా వచ్చినాయన, నా కొడుకు వయసు. నా భుజం తట్టాడు.

"పెద్దాయనా, ఇంకేం, అమ్మాయి కంప్యూటర్ పెట్టేస్తే మీకు పనే ఉండదు. ఈ నాలుగు నెలలూ హాయిగా కుర్చీలో కునుకు తీయండి!"

నాకు పదవీ విరమణ ఇంకా నాలుగు నెలలుంది. ఆయన నవ్వాడు. డిగ్రీ కూడా నవ్వింది. అధికారి నవ్వితే మర్యాదకి నవ్వే నవ్వే అది, ఇప్పుడు తెలుస్తోంది. అప్పుడు మాత్రం అరికాలి మంట నెత్తికెక్కింది. ఆయన వెళ్ళాక ఆవిడ రెండు కార్డులు నా ముందు పెట్టింది. రెండూ బ్రేకు లైనింగువే. బ్రేకు తొక్కితే చక్రం డ్రమ్ముకి ఒరుసుకుని బస్సుని ఆపే మందపాటి పట్టీలు అవి. ఒక కార్డుకి ఎర్ర దారం.

"బాబాయ్ గారూ, ఈ వస్తువుకి రెండు కార్డులెందుకు?"

"పొరపాటున రెండోసారి రాసుంటాను. కలిపెయ్."

"మరి ఈ దారం?"

"దారమే. దారానికేంటి? కలిపెయ్యమన్నానా?"

ఆవిడ నా మొహంలోకి చూసింది. రాసుకుంది. నేను సంతకం గీకేశాను. రేపు సరిచేస్తే సరిపోతుందిలే అనుకున్నాను. రేపొచ్చింది, పదిహేనో కాగితానికి ముక్తసరిగా జవాబిచ్చాను, కోపం మాత్రం తగ్గలేదు. ఎల్లుండికి మర్చిపోయాను. మర్చిపోయానని అనుకోవడమే నాకు తేలికగా ఉంది.

ఆ తర్వాత రెండు నెలలు నేను స్టోరులో ఉండీ లేనట్టే. నన్ను టైర్ల షెడ్డుకి వేయించుకుని అక్కడే కూర్చున్నాను, పిలిచినా రానని భీష్మించుకున్నాను. ఆవిడ లెక్క చూసి పెట్టెలన్నిటికీ కొత్త చీటీలు అంటించింది. రెండేసి కార్డులున్నవాటిని ఒకటి చేసింది. ఒకే సంగతి రెండు చోట్ల ఉండకూడదని వాళ్ళ పుస్తకం చెప్తుంది. ముందొచ్చిన సరుకు ముందు పోవాలనీ చెప్తుంది. రెండూ మంచి మాటలే. నాసిరకం లైనింగులు వచ్చింది రెండేళ్ళ కిందట, మంచివి వచ్చింది మొన్న. కంప్యూటర్ ఏవి ముందు ఇమ్మంటుంది?

ఎగ్జామినర్ వచ్చే రోజు పొద్దున్న, ఎనిమిది నలభై అయివుంటుంది, వర్క్‌షాపు పక్కనుంచి షెడ్డుకి పోతున్నాను. చెత్తడబ్బాలో ఒక అట్టపెట్టె కనిపించింది. మూత లోపలివైపు ఎర్ర పెన్సిలుతో కొట్టిన అడ్డగీత. ఆ గీత నాదే. వంగి తీశాను. ఖాళీ పెట్టె. పెట్టె చంకన పెట్టుకుని స్టోరుకి పరుగెత్తాను. పరుగెత్తి ఇరవై ఏళ్ళయి ఉంటుంది.

డిగ్రీ ఇస్త్రీ చీరలో, బల్ల మీద ప్రాజెక్టు దస్త్రం సర్దుకుంటోంది.

"ఇవెవరికిచ్చావ్?" పెట్టె ఆవిడ ముందు పెట్టాను.

"లైనింగులా? నిన్నా మొన్నా ఇచ్చాను. ఏమైంది బాబాయ్ గారూ?"

"ఇవ్వకూడదు. వేడెక్కితే పగులుతాయివి. ఆ దారం... అందుకే కట్టాను."

ఆవిడ నన్ను ఒక్క మాట అడగలేదు. మీరే కదా కలిపెయ్యమన్నారు అనలేదు. గిర్రున తిరిగి కంప్యూటర్ ముందు కూర్చుంది. టకటకా ఏదో కొట్టింది. నా కార్డులైతే చీటీలన్నీ తిరగెయ్యడానికి అరగంట పట్టేది. రెప్పపాటులో మూడు బస్సుల నంబర్లు వచ్చాయి. ఒకటి ఇంకా వర్క్‌షాపులో మరమ్మతు గుంట మీదే ఉంది, చక్రాలు విప్పి. ఒకటి సాయంత్రం ట్రిప్పుది, ఆవరణలో నిలబడి ఉంది. మూడోదాని ఎదురుగా రాసి ఉంది, కొండ దారి, ఎనిమిదింబావుకి బయల్దేరింది.

కొండ కింది టైమ్‌కీపర్ గది దాకా యాభై నిమిషాలు. అక్కడ డ్రైవరు సంతకం పెట్టి పైకెక్కుతాడు. ఎక్కడానికి భయం లేదు. అవతలి వైపు దిగడమే, తొమ్మిది మలుపులు, కాలు బ్రేకు మీదే ఉండాలి.

"అమ్మాయ్, ఆగు," అన్నాను. చెప్పడానికి సిగ్గుగా ఉంది, అయినా చెప్తున్నాను. "మేస్త్రీని గుట్టుగా పంపి మార్పించేద్దాం. మేనేజరుకి తెలిస్తే నీ సంతకం..."

"ప్యాసింజర్లున్న బస్సుని మేనేజరు గారు తప్ప ఎవరు ఆపమన్నా ఆపరు కదా!" అంటూనే ఆవిడ గుమ్మం దాటింది. చెప్పులు కూడా వేసుకోలేదు.

మేనేజరు గదిలో మేము చెప్పింది అరనిమిషం. ఆయన మొహం మాడిపోయింది, కానీ తిట్ల కోసం ఆగలేదు. ఫోను తీశాడు. డ్యూటీలో డ్రైవరు ఫోను కట్టేసి ఉంటుంది. కండక్టరు ఫోను అందలేదు. టైమ్‌కీపర్ గదికి చేస్తే మోగుతూనే ఉంది, మోగుతూనే ఉంది. గోడ గడియారంలో తొమ్మిది దాటింది. డిగ్రీ బల్ల అంచు పట్టుకుని నిలబడింది, పెదవులు కదులుతున్నాయి, లెక్కపెడుతోందో దణ్ణం పెట్టుకుంటోందో. తొమ్మిదీ పదికి అవతల ఎవరో ఎత్తారు.

"ఆ బస్సా? ఇప్పుడే సంతకం పెట్టి వెళ్ళిపోయింది సార్."

"వెంటపడి ఆపు! నీ బండి తియ్యి. పైకెక్కేలోపే ఆపు. దిగడం మొదలెట్టకూడదు!" మేనేజరు అరుపుకి వరండాలో జనం పోగయ్యారు.

మేస్త్రీ, అంటే మా పెద్ద మెకానిక్కు, మంచి లైనింగులేసుకుని వ్యానులో దూసుకుపోయాడు. వెనకాలే ప్రయాణికుల కోసం ఖాళీ బస్సు. మేము ముగ్గురం ఫోను చుట్టూ కూర్చున్నాం. బస్సులో ఎంతమంది ఉంటారో అడగాలని ఉంది, అడగడానికి ధైర్యం లేదు. డిగ్రీయే అంది, "బుకింగ్‌లో నలభై రెండు మంది." ఆ అంకె నాకు ఈనాటికీ గుర్తే. ముప్పై ఒక్కేళ్ళు అంకెలు రాశాను, ఒక్క అంకెకీ అలా భయపడలేదు.

పదిహేడు నిమిషాలకి ఫోను మోగింది. శిఖరం ఇంకా కిలోమీటరు ఉందనగా టైమ్‌కీపర్ హారన్ కొడుతూ ముందుకెళ్ళి బండి అడ్డం పెట్టాడట. బస్సు ఆగింది. అందర్నీ దింపారు. మేనేజరు రిసీవరు పెట్టి కళ్ళద్దాలు తీసి మొహం తుడుచుకున్నాడు. డిగ్రీ కుర్చీలో కూలబడి కొంగు నోటికడ్డం పెట్టుకుని ఏడ్చింది. నేనూ ఏడ్చాను. మేనేజరు అప్పుడు మొదలెట్టాడు.

"పుస్తకాలు చదివిన తెలివి ఇదా? ఇంతమంది ప్రాణాలతో ఆటలా? ఆ సర్టిఫికెట్ మీద నా సంతకం మర్చిపో."

నేను చెప్పాలి. అప్పుడే చెప్పాలి. నోరు తెరిచాను కూడా. ఆయన నావైపు తిరిగి, "మీ కార్డులే నయం పెద్దాయనా, ఇన్నేళ్ళలో ఒక్క మచ్చ లేదు," అన్నాడు. తెరిచిన నోరు మూసుకున్నాను. ఆ మాట అంత తియ్యగా ఉంది, ఏం చెయ్యను! నా మొహాన ఉమ్మేసినా తప్పులేదు.

స్టోరుకి తిరిగొచ్చాక ఆవిడ దస్త్రం తెరిచింది. కాగితాలు తిప్పి, ఒకటి ఊడదీసి, నాలుగు మడతలు పెట్టి క్యారేజీ సంచిలో దోపింది. ఏదో పనికిరానిదనుకున్నాను. మొహం కడుక్కొచ్చి, నుదుటి మీద జుట్టు సర్దుకుని, "బాబాయ్ గారూ, మంచినీళ్ళు తాగారా?" అని నన్నడిగింది. ఎనిమిదేళ్ళ చదువు ఇంకో గంటలో మట్టిలో కలవబోతోంది, ఈ మనిషి నా మంచినీళ్ళ సంగతి చూస్తోంది.

పదకొండింటికి ఎగ్జామినర్ వచ్చారు. యాభై ఏళ్ళావిడ, పొట్టిగా, భుజాన బరువైన సంచితో. మేనేజరు ఎదురెళ్ళి పొద్దున్న జరిగినదంతా ఏకరువు పెట్టాడు. ఆవిడ అడ్డురాకుండా విని, నేరుగా స్టోరులోకొచ్చి నా పాత కుర్చీలోనే కూర్చున్నారు. నేను అరల మధ్య నిలబడ్డాను. పొమ్మని ఎవరూ అనలేదు.

"రెండు కార్డులు ఒకే వస్తువువని ఎలా నిర్ణయించారమ్మా?"

"పేరూ నంబరూ ఒకటేనండి."

"దాంతోనే నిర్ణయించేస్తారా? ఎన్నో ఏళ్ళుగా నడుస్తున్న పద్ధతిలో రెండుంటే దానికో కారణం ఉంటుందని మీకు రెండో సంవత్సరంలోనే చెప్తారు. వాడేవాళ్ళని అడగాలి. అడిగారా?"

డిగ్రీ తల వంచుకుంది. "లేదండి. అడగలేదు. నా పొరపాటే."

నా చెవులు నేను నమ్మలేకపోయాను. ఎగ్జామినర్ దస్త్రం తిప్పుతున్నారు. పదకొండు, పన్నెండు, పదమూడు. తర్వాత పదిహేను. ఆవిడ చెయ్యి ఆగింది. వెనక్కి తిప్పారు, మళ్ళీ ముందుకి తిప్పారు.

"పద్నాలుగు ఏది?"

"రాయలేదండి. అంకె దాటేశాను."

అప్పుడు అర్థమైంది నాకు. ఆ సంచిలో ఉన్నదేమిటో అప్పుడు అర్థమైంది. కలిపెయ్ అన్న నా మాట, కింద నా సంతకం. అది బల్ల మీద పెడితే చాలు, తప్పు ఆవిడది కాదు. పెడితే రెండు నెలల్లో ఇంటికి పోయే ముసలాడి రికార్డు మీద మచ్చ. నాకు మచ్చ తగలకూడదని ఆవిడ తన ఎనిమిదేళ్ళనీ తీసి పక్కన పెట్టేసింది. నన్ను అడగనైనా అడగలేదు.

సరిగ్గా అప్పుడే మేస్త్రీ వచ్చాడు, ఒళ్ళంతా గ్రీజు. గుడ్డలో చుట్టినదేదో ఎగ్జామినర్ ముందే బల్ల మీద పెట్టి విప్పాడు. లైనింగు. ఈ చివర్నుంచి ఆ చివరి దాకా చీలిక, గోరు దూరేంత.

"ఎక్కేటప్పుడే ఇలా ఉంది సార్. దిగడం మొదలెడితే..."

"చూశారుగా మేడం?" అన్నాడు మేనేజరు. "ఇంక మాట్లాడేదేముంది? వాడేవాణ్ణి అడక్కుండా చేసిన పని ఇది. నేను సంతకం పెట్టను."

"అడిగింది," అన్నాను.

అందరూ నావైపు చూశారు. అర పట్టుకున్నాను.

"అడిగిందండి. పద్నాలుగో రోజు అడిగింది. దారం గురించి కూడా అడిగింది. నేనే అబద్ధం చెప్పాను. అమ్మాయ్, సంచిలోంచి ఆ కాగితం తియ్యి."

"బాబాయ్ గారూ, మీరు ఊరుకోండి."

"తియ్యమన్నానా!" అరిచాను. అప్పుడు కూడా కోపమే, చూశారా.

ఆవిడ కదల్లేదు. కళ్ళలోంచి నీళ్ళు ధారగా కారుతున్నాయి. నేనే వెళ్ళి సంచిలోంచి తీసి, మడతలు విప్పి ఎగ్జామినర్ ముందు పెట్టాను. ఆవిడ చదివారు. మేనేజరు భుజం మీద నుంచి వంగి చదివాడు.

"ఖాళీ కాగితం ఉందా?" అన్నారు ఎగ్జామినర్ డిగ్రీతో. "ఉంటే ఆయన్ని మళ్ళీ అడగండి. నా ఎదురుగా."

డిగ్రీ ముక్కు తుడుచుకుని కొత్త కాగితం తీసింది. పైన పద్నాలుగు అని వేసింది. రోజూ వేసుకున్నట్టే నా ఎదురుగా కుర్చీ వేసుకుంది.

"బాబాయ్ గారూ, ఈ వస్తువుకి రెండు కార్డులెందుకు?"

చెప్పాను. లైనింగులతో ఆగలేదు. ఎర్ర దారం కట్టినవి మొత్తం పదకొండు. స్టీరింగు కీళ్ళు రెండు పెట్టెలు, ఇంధనం గొట్టాలు, ఒక రకం బోల్టులు. ఏది ఎప్పుడొచ్చింది, ఏం తేడా కనిపించింది, ఎవరు ఫిర్యాదు చేశారు, ముప్పై ఒక్కేళ్ళు నా బుర్రలోనే దాచుకున్నదంతా చెప్పాను. ఆవిడ పెన్ను ఆగకుండా నడిచింది. మేస్త్రీ ఒక్కొక్క పేరు వింటూ వెళ్ళి, అరలోంచి ఆ పెట్టె తెచ్చి విడిగా పెట్టాడు. మధ్యలో మేనేజరు కూడా చొక్కా చేతులు మడుచుకుని పెట్టెలందుకున్నాడు. మూడు కాగితాలు నిండాయి. ఎగ్జామినర్ టీ కూడా వద్దన్నారు.

చివరికి డిగ్రీ కాగితం సంతకానికి నావైపు తోసింది. ఇబ్బంది గడి ఖాళీగా ఉంది.

"ఇది వదిలేశావే," అన్నాను.

"ఇబ్బందేం లేదు బాబాయ్ గారూ. అంతా చెప్పారుగా."

"రాయి. స్టోరుకీపరుకి కోపమొచ్చి నిజం చెప్పలేదని రాయి."

"నేను రాయను."

ఎనిమిదేళ్ళలో ఆవిడ నా మాట కాదనడం ఆ ఒక్క రోజే చూశాను. పెన్ను లాక్కుని నేనే రాశాను. నా చేతిరాత ఎప్పుడూ గుండ్రంగా ఉంటుంది, ఆ రోజు కోడి గెలికినట్టుంది. రాసి, సంతకం పెట్టి, తేదీ వేశాను. ఎగ్జామినర్ పాత పద్నాలుగునీ కొత్త పద్నాలుగునీ కలిపి పదమూడుకీ పదిహేనుకీ మధ్య గుచ్చారు. దస్త్రం మూసి మేనేజరు ముందుకి జరిపారు. ఆయన కాసేపు నన్ను చూశాడు, కాసేపు డిగ్రీని చూశాడు. జేబులోంచి పెన్ను తీశాడు.

నాకు మెమో వచ్చింది. ముప్పై ఒక్కేళ్ళ ఉద్యోగంలో అదొక్కటే. మా ఆవిడ దాన్ని ఎక్కడైనా దాచేయమంటుంది, నేను ఒప్పుకోలేదు, నా బల్ల సొరుగులోనే ఉంది. డిగ్రీ పాసైంది. నేను ఇంటికొచ్చేశాక స్టోరు ఆవిడకే ఇచ్చారు. కిందటి నెల ఏదో పని మీద డిపోకి వెళ్తే పట్టుబట్టి కంప్యూటర్ ముందు కూర్చోబెట్టింది. ప్రతి వస్తువు పేరు పక్కనా చిన్న గడి పెట్టింది. దాని మీద "ఎర్ర దారం" అని ఉంది. అది నొక్కితే కింద ఎందుకో రాస్తే తప్ప కంప్యూటర్ ముందుకి కదలదట.

"కోపమొచ్చినా సరే, రాయాల్సిందే బాబాయ్ గారూ," అంది.

నాకు కోపం రాలేదు.